పరదాల బొగ్గుకారు నడిపిన రోజులు

కొత్తగా లైసెన్సు తీసుకొని మా అడ్డా మీదికి వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే, మీ కాలంలో కారు ఎంత స్పీడు పోయేది తాతా అని. నేను పనిలో కుదిరిన రోజుల్లో స్పీడు సంగతి ఎవరూ అడిగేవారు కాదు. ఇవాళ కదులుతుందా లేదా అని అడిగేవారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. పెట్రోలు చీటీల మీద ఇచ్చేవారు, అది కూడా సర్కారు మనుషులకూ డాక్టర్లకూ పోగా మిగిలితే. సిద్దిపేటలో కిరాయికి తిరిగే కార్లన్నీ బొగ్గుతో నడిచేవి. నేను నడిపినదీ బొగ్గుకారే.

ఆ పని ఎట్లా ఉండేదో రాయమని మా మనవడు కాగితాలు తెచ్చిచ్చాడు. ఎప్పుడు కుదిరాను, ఎంత జీతం, ఎవరు మెచ్చుకొని ఏ కాగితం ఇచ్చారు అనేవి రాయను. వాటివల్ల మీకు ఒరిగేది లేదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం రాస్తాను. దాని దగ్గరికి రావాలంటే ముందు బండి సంగతి చెప్పాలి.

పొయ్యి

కారు వెనక, సామాన్లు పెట్టుకునే జాగాలో, మనిషి నడుమెత్తు ఇనప పీపా బిగించి ఉండేది. అందులో కట్టెబొగ్గు నింపి, కింద నుంచి అంటించి, చేతి పంకా తిప్పాలి. పావుగంట తిప్పితే మంట కుదురుతుంది. మంట కుదిరాక బొగ్గు నుంచి గ్యాసు వస్తుంది. ఆ గ్యాసు ఒక గొట్టంలో నుంచి, నీళ్ల డబ్బాలో నుంచి, గుడ్డ జల్లెడలో నుంచి పోయి ఇంజనుకు చేరుతుంది. గొట్టం చివర అగ్గిపుల్ల పెడితే నీలం మంట రావాలి. ఎర్రమంట వస్తే ఇంకా తిప్పాలి. వానాకాలం తెల్లవారుజామున తడిసిన బొగ్గుతో ఆ పని చేస్తుంటే తల ప్రాణం తోకకు వచ్చేది.

బొగ్గు తుమ్మకట్టెది అయితే మంచిది. చింతకాయంత ముక్కలుగా కొట్టుకోవాలి. దుమ్ము ఉంటే గొట్టం పూడుతుంది, ముక్క పెద్దదైతే మధ్యలో ఖాళీ పడి బండి ఆగుతుంది. మాది దుబ్బాక, మా బాపు మగ్గం మీద పనిచేసేవాడు. మగ్గం మీద తెగి పాడైన నేత గుడ్డ తెచ్చి నేను జల్లెడకు కట్టేవాణ్ణి. కొన్న జల్లెడ గుడ్డ కంటే అదే నయం. రోజూ సాయంత్రం దాన్ని విప్పి ఉతికితే బకెట్ నీళ్లు సిరాలా అయ్యేవి. నా గోళ్ల సందుల్లో మసి పెళ్లినాడు కూడా పోలేదు. నా భార్య తరఫు వాళ్లు నన్ను చాలా ఏండ్లు బొగ్గు మల్లయ్య అనే పిలిచారు. అందులో వెటకారం ఉంది గానీ, అబద్ధం లేదు.

సేటు, ఉస్తాద్

కారు ఒక బట్టల సేటుది. ఆయన చెడ్డవాడు కాదు, బండి గురించి ఏమీ తెలియనివాడు. బండి గురించి తెలియని యజమాని దగ్గర పనిచేయడం తేలిక అనుకుంటారు. కష్టం. ఏది చెడిపోయిందన్నా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. పీపా మూతకు కింద తాడులాంటి బిగింపు ఒకటి ఉంటుంది, గ్యాసు బయటికి పోకుండా. అది అరిగిపోయిందని నేను మూడుసార్లు చెప్పాను. మూత పడుతోంది కదా, ఇంకేంది అన్నాడు. నేను కూడా గట్టిగా అడగలేదు. తడి మట్టి మెత్తి సరిపెట్టుకున్నాను. మట్టి ఎండి పగిలితే మళ్లీ మెత్తేవాణ్ణి. ఇందులో సేటు తప్పు సగం, నాది సగం.

పని నేర్పింది ఖాసిం సాబు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. చేయి చేసుకునేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తప్పు చేస్తే ఆ రోజంతా మాట్లాడడం మానేసేవాడు. వేరే ఉస్తాదుల దగ్గర దెబ్బలు తిన్నవాళ్లు నా అదృష్టాన్ని పొగిడేవారు గానీ, ఆ మౌనం కంటే దెబ్బే నయం. బొగ్గుబండి గురించి ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇది.

"నడిసే బండికి భయపడకు బేటా, నిలవడ్డ బండికి భయపడు. నడుస్తుంటె ఇంజను గ్యాసు తాగుతది. నిలవడ్డంక గదెటు పోవాలె? జాగ దొరికిన దిక్కు పోతది. ముందు తలకాయ నొస్తది, ఎన్క కాళ్లు పడిపోతయి, గంతే."

అందుకని బండి ఆపితే, గ్యాసు వెనకకు కొట్టుకుపోయేట్టు గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపాలని, ఎక్కువసేపు ఆగితే పొయ్యి ఆర్పేయాలని, సవారీలను దింపేయాలని నేర్పాడు. నాకు తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సవారీలు

అయిదుగురు కూర్చునే కారులో పదకొండు మందిని ఎక్కించేవాళ్లం. దుబ్బాక నుంచి తువాళ్ల మూటలతో వచ్చే నేతపని సాలోళ్లు, చేర్యాలకు పోయే, బొమ్మల పటాలు గీసే నకాషీ వాళ్లు, కొమురెల్లి జాతరకు పోయే సంసారాలు. బొమ్మలపటం చుట్టను ఒళ్లో పిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని కూర్చునేవారు నకాషీ వాళ్లు. ఎంత ఇరుకైనా దాన్ని పైన కట్టనిచ్చేవారు కాదు. వెనక పీపా ఉన్నది కదా, నిప్పురవ్వ పడితే ఏండ్ల పని పోతుందని. వాళ్ల భయం న్యాయమైనదే.

చడావు, అంటే ఎత్తు ఎక్కే దారి వస్తే అందరూ దిగాలి. బొగ్గుగ్యాసుకు పెట్రోలు బలం ఉండదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు నడుస్తారు, మగవాళ్లు తోస్తారు. దిగనని మొండికేసేవాడు ప్రతి ట్రిప్పులో ఒకడుంటాడు, వాడు తప్పకుండా అందరికంటే లావుగా ఉంటాడు. పైకి చేరాక చెట్టు నీడ చూసుకొని సద్దిమూటలు విప్పేవారు. డ్రైవరుకు ఒక రొట్టె, ఇంత మిరపకాయ తొక్కు పెట్టడం రివాజు. నేను వయసులో ఉన్న ఆ పదేండ్లలో మధ్యాహ్నం అన్నం నేను ఇంట్లో తిన్నది తక్కువ. పేదవాళ్ల ప్రయాణం అంటే అదే. మెల్లగా, అందరూ కలిసి, సగం దూరం నడిచి.

వెనకకు చూడని డ్రైవరు

ఇది కాక ఇంకో రకం కిరాయి ఉండేది. దొరల గడీల నుంచి, పెద్ద ఇండ్ల నుంచి ఆడవాళ్లను పుట్టిండ్లకూ పెండ్లిండ్లకూ తీసుకుపోవడం. ఆ కిరాయికి కారు చుట్టూ పరదాలు కట్టాలి. పైన గుడ్డ హుడ్డు, రెండు పక్కలా గుండీలతో బిగించే మందపు పరదాలు, డ్రైవరు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇంకొకటి. వెనక చూసే అద్దాన్ని పైకి తిప్పేయాలి. వాళ్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు డ్రైవరు పది అడుగులు దూరం పోయి అటు తిరిగి నిలబడాలి. మాటలు ఉండవు. బయలుదేరే ముందు నేను హారన్ ఒకసారి కొడితే, లోపల ఉన్న దాసి సీటు మీద రెండుసార్లు తడుతుంది. అంటే పోవచ్చని. ఒకసారి తడితే ఆపమని.

ఈ మర్యాదలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తానని నాకు పేరు వచ్చింది. మల్లయ్య ఎనకకు చూడడు అనేవారు. అయిదారు గడీల వాళ్లు నేనైతేనే కారు పంపమని సేటుకు కబురు పెట్టేవారు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. మసి గోళ్ల మనిషికి దొరల ఇండ్లల్లో ఒక మర్యాద ఉన్నదంటే అది ఆ పేరువల్లే. దాచిపెట్టడం ఎందుకు, నేను మురిసిపోయేవాణ్ణి.

వాగు

దుబ్బాక అవతల ఒక గడీ కోడలికి ఏడో నెల నిండింది. సిద్దిపేటలో పుట్టింటికి పురుటికి తీసుకుపోవాలి. పెండ్లయి ఎనిమిదేండ్లకు నిలిచిన కడుపు. ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు, ఎందుకంటే ఆ ఎనిమిదేండ్లూ ఆమె అత్త చేయించని పూజ లేదు. బయలుదేరే ముందు ఆ అత్త తలుపు చాటు నుంచే నాకు కబురు చెప్పించింది. ఆలస్యమైనా ఫరవాలేదు, గుంతల్లో పడకూడదు, బిడ్డ భద్రం. వెనక కోడలు, ఆమె దాసి లచ్చవ్వ. ముందు నా పక్కన ఆమె మరిది. చిన్నదొర అనేవాళ్లం. వయసు ఇరవై దాటి ఉంటుంది.

నేను చాలా జాగ్రత్తగా నడిపాను. గుంత కనిపిస్తే ఆపి, దిగి చూసి, పక్క నుంచి తీసుకుపోయాను. సగం దారిలో వాన మొదలైంది. ఆగి పరదాల గుండీలన్నీ గట్టిగా బిగించాను, లోపలికి చుక్క పోకుండా. కూడవెల్లి వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు సడక్ మీద మోకాలి లోతు పారుతున్నాయి. తగ్గేదాకా ఆగాల్సిందే.

అక్కడ నేను చేసినవి వరుసగా రాస్తాను. గాలికి ఎదురుగా ఆపలేదు, సడక్ సన్నగా ఉండి బండి తిప్పే జాగా లేదు. పొయ్యి ఆర్పలేదు. వానలో మళ్లీ అంటుకోదని, గర్భిణి మనిషిని అక్కడ ఇంకా ఆలస్యం చేయొద్దని. సవారీలను దింపలేదు, బయట వాన, పైగా ఘోషా మనుషులు. ఆడవాళ్లున్న బండి పక్కన మగవాళ్లు నిలబడకూడదు కాబట్టి నేనూ చిన్నదొరా దూరంగా ఒక తుమ్మచెట్టు కిందికి పోయాం. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికదే సబబుగా ఉంది.

గంటసేపు అయి ఉంటుంది. వాన ఆగింది, నీళ్లు తగ్గాయి. నేను వచ్చి హారన్ కొట్టాను. లోపల తట్టిన చప్పుడు లేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టి, లచ్చవ్వా అని పిలిచాను. పలకలేదు. పీపా మూత వైపు చూశాను. వానకు మట్టి మొత్తం కరిగి కారిపోయి ఉంది. నాకు వెంటనే అర్థమైంది. చిన్నదొరకు చెప్పాను.

"దొరా, లోపల సప్పుడు లేదు. గ్యాసు వోయినట్టున్నది. జెర పరదా తీసి సూడున్రి."

"పండుకున్నరు గావచ్చు. నేనెట్ల తీస్త? వదినె ఎట్ల కూసున్నదో, ఎట్ల పన్నదో."

"పండుకున్నట్టు లేదు దొరా."

"మరి నువ్వు తీస్తవా?"

"నేనెట్ల తీస్త దొరా?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతనిదీ మంచితనమే, నాదీ మంచితనమే. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది, తట్టినందుకు సంతోషం కూడా కలిగింది. వాగు గట్టున కొంత దూరంలో పొలంలో ఆడకూలీలు నాట్లు వేస్తున్నారు. ఒక ఆడమనిషిని పిలుచుకొస్తే ఆమె పరదా తీస్తుంది. ఎవరికీ మాట రాదు. చిన్నదొర జల్దీ పో అన్నాడు. నేను పరుగెత్తాను. బురదలో చెప్పులు ఊడిపోతే వదిలేసి పరుగెత్తాను. నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ ఉరకలేదు.

వచ్చిన ఆమె నడివయసు మనిషి. బురద కాళ్లతోనే నా వెంట వచ్చింది. ఏం చేయాలని కూడా అడగలేదు. పరదా పట్టి లాగి, లోపలికి వంగి చూసి, ఇద్దరినీ చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చి గడ్డి మీద పడుకోబెట్టింది. అప్పుడు కూడా నేను అటు తిరిగి నిలబడ్డాను. పొయ్యి ఆర్పుతూ, వెనక ఏం జరుగుతోందో చెవులతో వింటూ. లచ్చవ్వ వాంతి చేసుకున్న చప్పుడు వినిపించింది. కొంతసేపటికి ఇంకో గొంతు సన్నగా మూలిగింది. ఇద్దరూ బతికారని ఆమె గట్టిగా చెప్పింది. నేను ఏడ్చాను.

సిద్దిపేట చేరాక మూడోనాడు కోడలికి పురుడు వచ్చింది. మగబిడ్డ. కడుపులోనే చనిపోయాడు.

మెప్పు

గడీ వాళ్లు నన్ను కొడతారనుకున్నాను. పనిలో నుంచి తీసేయిస్తారనుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. వానను అన్నారు, వాగును అన్నారు, ఏదో గ్రహం అన్నారు. పైగా చిన్నదొర ఇంట్లో నా గురించి మంచిగా చెప్పాడు. అంత ఆపదలో కూడా మల్లయ్య పరదా మీద చెయ్యి వేయలేదు, ఆడమనిషిని పిలిపించి తీయించాడు, మర్యాద తెలిసినవాడు అని. ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది. తర్వాత రెండు నెలల్లో పరదా కిరాయిలు ఎక్కువయ్యాయి. సేటు సంతోషించి మూతకు కొత్త బిగింపు వేయించాడు.

ఉస్తాద్ మాత్రం నాతో మాట్లాడలేదు. ఒక రోజు కాదు, పదిహేను రోజులు. తర్వాత చాయ్ తాగుతూ ఒక్క మాట అన్నాడు. "గ్యాసు సంగతి గాళ్లకు తెల్వదు. నీకు తెలుసు."

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. మీ బండ్లకు పీపాలు లేవు, పరదాలు లేవు. కానీ బండి ఎక్కినవాళ్లకు తెలియని సంగతి ఒకటి మీకు ఎప్పుడూ తెలిసి ఉంటుంది. బ్రేకు సంగతో, టైరు సంగతో. ఎవరూ అడగలేదని ఊరుకోకండి. పెద్దమనుషులు ఏమనుకుంటారో అని ఆగకండి. మంచి డ్రైవరు అనే పేరు వేరు, మంచి డ్రైవరు వేరు. నేను రెండోది అయ్యానో లేదో నాకు నమ్మకంగా తెలియదు.

మూడు నెలలకు

మూడు నెలలకు ఆ కోడలిని మళ్లీ అత్తగారింటికి తీసుకుపోవాలని కబురు వచ్చింది. నేనైతేనే పంపమన్నారట. పరదాలు కట్టాను. ఆమె, లచ్చవ్వ ఎక్కారు. చిన్నదొర రాలేదు, ముందు సీటు ఖాళీ. హారన్ కొట్టాను, లచ్చవ్వ రెండుసార్లు తట్టింది. ఎండగా ఉంది. దారిలో ఆగే పని లేదు.

వాగు దగ్గరికి వచ్చాక వెనక ఒకసారి తట్టిన చప్పుడు. ఆపాను. ఈసారి గాలికి ఎదురుగా ఆపి, దిగి దూరంగా పోబోయాను. పరదా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. అన్ని ఏండ్లలో ఏ పరదా వెనక నుంచీ నాతో ఎవరూ మాట్లాడలేదు.

"పోకు మల్లయ్యా. నిలవడు."

నిలబడ్డాను.

"ఆనాడు నువ్వు హారన్ కొట్టింది ఇన్న. మూడుసార్లు కొట్టినవు. చెయ్యి లేవలే, నోరు లేవలే, గని చెవులు ఇనవడుతున్నయి. చిన్నదొర అన్నది ఇన్న, నువ్వన్నది గూడ ఇన్న. అప్పటిదాంక కడుపుల పిల్లగాడు కదులుతుండె. నువ్వు ఉరికిన సప్పుడు ఇనవడ్డది. మమ్ముల ఇడిసిపెట్టి పోతున్నవనుకున్న. ఆడమనిషిని పిలువవోయినవని లచ్చవ్వ ఎన్క చెప్పింది. గా రెండిట్ల ఏది నయమో నాకు ఇప్పటికి సమజయితలేదు."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది. అమ్మా, నాది తప్పు అన్నాను. ఉక్కపోస్తున్నది, పరదా తియ్యి అన్నది ఆమె.

నేను ఈసారి అటు తిరగలేదు. ఆడమనిషి కోసం చూడలేదు. వెనక తలుపు దగ్గరికి పోయి నా చేతులతో పరదా విప్పాను. ఆమెను అప్పుడే మొదటిసారి చూశాను. నాకంటే చిన్నది.

పరదాకు ఉన్నవి నాలుగు గుండీలు. పది లెక్కపెట్టేలోపే ఊడివచ్చాయి.